వెండికై పోరాడిన చీనా అధికారి - లిన్ జెషూ

చీనాదేశమున ఫూజౌ నగరమందు 1785లో ఒక పేద ఉపాధ్యాయుని యింట లిన్ జెషూ జన్మించెను. 1811లో రాజధానియందు జరిగిన అత్యున్నత పరీక్షలో నెగ్గి రాజోద్యోగమున ప్రవేశించెను. లంచ మెరుగని ఆయనను ప్రజలు నిర్మలాకాశమని కొనియాడిరి.

1832లో ఆయన జియాంగ్సూ రాష్ట్రపాలకుడయ్యెను. ఆనాడు చీనాలో వెండిని కడ్డీలుగా తూచి యిచ్చుచుండిరి. లెక్కించి యిచ్చుటకు వీలైన విదేశపు వెండినాణెములు మాత్రము తమ బరువును మించిన వెలకు చెల్లుచుండెను. కావున స్వదేశమందే వెండినాణెములు ముద్రింపవలెనని 1833లో ఆయన విన్నవించెను. చక్రవర్తి అంగీకరింపలేదు.

ఇంతలో వెండి దేశము దాటిపోవుచుండెను. బీహారు, కాశీ ప్రాంతములలో పండించి, కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ వేలము వేసిన నల్లమందును వర్తకులు దొంగచాటుగా చీనాకు చేర్చి వెండిని కొనిపోవుచుండిరి. టేల్ అను తూకపు వెండికి ప్రభుత్వపు వెల వేయి రాగికాసులు. 1838 నాటికి బజారులో అది సుమారు 1,600 కాసులయ్యెను. రైతు ధాన్యమమ్మి పొందునది రాగి. పన్ను కట్టవలసినది వెండి లెక్కన. పన్ను పెరుగకయే రైతు భారము పెరిగెను.

1838 చివర డావోగ్వాంగ్ చక్రవర్తి లిన్‌ను ప్రత్యేకాధికారిగా నియమించెను. 1839 మార్చిలో ఆయన కాంటన్ చేరి, నల్లమందు నంతయు అప్పగింపుడని విదేశవర్తకుల నాజ్ఞాపించెను. వారు జాగు చేయగా వారి నివాసములను దిగ్బంధించెను. ఆంగ్ల వాణిజ్యాధికారి చార్లెస్ ఇలియట్ 20,283 పెట్టెల నప్పగింప నొప్పుకొనెను. కాని వర్తకుల నష్టమునకు తమ ప్రభుత్వమే పూచీయని వారికి మాట యిచ్చెను. దానితో దొంగసరకు రాజ్యముల నడుమ ఋణముగా మారెను. ఈ మెలిక యొక్క ఫలమును లిన్ ఊహింపలేదు.

జూన్ 3వ తేదీ మొదలు హూమెన్ తీరమున గోతులలో నీరు, ఉప్పు, సున్నము కలిపి నల్లమందును కరగించి సముద్రమున వదలిరి. సముద్రమును మలినము చేయుచున్నందులకు లిన్ ముందుగా సముద్రదేవతను క్షమాపణ వేడెను. విక్టోరియా రాణికి ధర్మము బోధించుచు లేఖ వ్రాసెను, ప్రత్యుత్తరము రాలేదు. 1840లో యుద్ధనౌకలు వచ్చెను. వానితో మదరాసు సైన్యపు సిపాయీలును వచ్చిరి.

పరాజయపు నింద లిన్‌పై పడెను. పదవి పోయి, దూరమందలి ఇలీ ప్రాంతమునకు ప్రవాసము ప్రాప్తించెను. విదేశములను గూర్చి తాను కాంటన్‌లో అనువదింపజేసిన విషయములను మిత్రుడు వై యువాన్‌కు అప్పగించి ఆయన పయనమయ్యెను. ప్రవాసమందును పంటకాలువల పనులు చేయించెను.

1842 నాటి నాన్‌కింగు సంధిచే చీనా 2 కోట్ల 10 లక్షల వెండి డాలర్లు చెల్లింప నొడంబడెను. అందు 60 లక్షలు లిన్ నాశనము చేసిన నల్లమందు వెల! ఏ వెండిని దేశమున నిలుప నెంచెనో ఆ వెండియే పరిహారముగా తరలిపోయెను.

క్షమింపబడి తిరిగివచ్చిన లిన్ 1850లో, తిరుగుబాటు నణచుటకై పోవుచు మార్గమధ్యమున మరణించెను. సుమారు నలుబదియేండ్లకు చీనా వెండినాణెములు యంత్రములపై ముద్రింపబడెను. అదియు కాంటన్ నగరముననే.