చిత్రకారుడు దామెర్ల రామారావు

బాలబాలికలారా! మన నంది కొండల వరుసలో పుట్టిన ఉత్తర పినాకిని గౌరిబిదనూరు, హిందూపురముల మీదుగా ఆంధ్రదేశమున ప్రవేశించి, నెల్లూరు సీమలో సముద్రమును చేరుచున్నది. కొండలను, బండలను, చెరువులను మనము ప్రతిదినమును చూచుచునే యున్నాము. అయినను చూచినదానిని మనస్సున నిలుపుకొనుట యొక విద్య. అట్టి విద్యను గోదావరి యొడ్డున అభ్యసించి, 28 ఏండ్లు నిండకమునుపే కీర్తిశేషులైన దామెర్ల రామారావుగారి జీవితము మన మెరుగదగినది.

రామారావుగారు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. ఉద్యోగము నిచ్చు చదువే చదువని జనులు తలచుచుండిన కాల మది. అక్కడి ఆర్ట్సు కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు ఆంగ్లేయులైనను, తెలుగు బాలుర ప్రతిభను ప్రేమతో గుర్తించిన గురువు. ఆయన స్వయముగా చిత్రకారుడు, రచయిత. రామారావుగారిని వెంటబెట్టుకొని వెళ్లి, ప్రకృతిని చూచి చిత్రించుట నేర్పిరి. అడివి బాపిరాజుగారును ఆయన శిష్యులే. కూల్డ్రేగారి ప్రోత్సాహముతో రామారావుగారు 1916లో బొంబాయి జె. జె. కళాశాలలో చేరిరి.

అచ్చట పాశ్చాత్యుల పద్ధతి ననుసరించి వెలుగునీడలను, శరీర నిర్మాణమును క్షుణ్ణముగా నేర్చిరి. ఆ కాలముననే వంగదేశమున అవనీంద్రనాథ ఠాకూరుగారి మార్గము ప్రసిద్ధమై యుండెను. రామారావుగారు రెంటిని గౌరవించిరి గాని, దేనికిని దాసులు కాలేదు. గోదావరి నీటిమీది కాంతిని, తెలుగు స్త్రీల కట్టుబొట్టులను, చెట్టు చేమలను తమ నీటిరంగులలో నిలిపి, ఆంధ్రుల కొక ప్రత్యేకమైన చిత్రకళా మార్గమును చూపిరి.

పురాణ కథలయందు వారికి మక్కువ మెండు. అడవిలో పెరిగి స్త్రీల నెరుగని ఋష్యశృంగ మహర్షి కథను వారు చిత్రించిరి. మన రాష్ట్రములోని శృంగేరి కా పేరు ఆ మహర్షివలననే వచ్చినదని పెద్దలు చెప్పుదురు. 1922లో కలకత్తా ప్రదర్శనమున ఈ చిత్రమునకు రాజప్రతినిధి బహుమానము లభించెను. సిద్ధార్థ రాగోదయము, నందిపూజ, పుష్పాలంకరణము మొదలగునవి వారి ఇతర చిత్రములు. దేవతలను, మునులను చిత్రించినప్పుడును ఆ ముఖములలో మనుష్యుల మార్దవమే కానవచ్చును. వారి భక్తియు, ప్రకృతిప్రేమయు ఒక్క కుంచెనుండియే వెలువడినవి.

తమకు వచ్చిన విద్యను వారు దాచుకొనలేదు. భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రకారిణులైరి. ఆడువారు గడప దాటుటయే అరుదైన ఆ దినములలో ఇది సామాన్య విషయము కాదు. రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను నెలకొల్పి, మిత్రులు వరదా వెంకటరత్నముగారితో కలిసి యువకులకు శిక్షణ మిచ్చిరి. 1924లో లండనునందలి వెంబ్లీ ప్రదర్శనమునకు వారి చిత్రములు వెళ్లినవి.

ఇట్లు కీర్తి దశదిశల వ్యాపించుచుండగా మశూచి సోకి, 1925 ఫిబ్రవరి 6వ తేదీన ఆయన పరమపదించిరి. ఎన్నో చిత్రములు ఆయన మనస్సుననే మిగిలిపోయినవి. కాని ఆయన వారు దుఃఖములో మునిగి చేతులు ముడుచుకొనలేదు. సత్యవాణిగారును, వెంకటరత్నముగారును చిత్రములను భద్రపరచి, ఆయన ప్రారంభించిన బోధనను సాగించిరి. అందువలననే రాజమహేంద్రవరమున ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో నేడును మన మా చిత్రములను చూడగలుగుచున్నాము. ఒకరి కళను కుటుంబమును స్నేహమును కాపాడిన తీరిది.

విద్యార్థులారా! అంబాజీదుర్గము బండలమీద ఉదయకాంతి యెట్లు పడునో, బాగేపల్లి చెంత చిత్రావతి వానకాలమున ఏ రంగు దాల్చునో గమనించి, ఒక కాగితముమీద గీయుడు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము పలుకు మనకు ఈ కొండలు రెండు భాషలలోను తమవే. తలిదండ్రులారా! మీ బిడ్డ బొమ్మ గీయునప్పుడు కాగితము పాడుచేయుచున్నాడని కసరకుడు. ఆ కాగితమును ఒకసారి చేతికి తీసికొని చూడుడు. కూల్డ్రే దొరగారు చేసినదియు మొదట అంతమాత్రమే.