నీలిరంగుతో లెక్క తేల్చిన యల్లాప్రగడ సుబ్బారావు

మన బళ్లారి జిల్లా తెలుగు మాధ్యమం పాఠశాలల్లో పదో తరగతి పిల్లలు చదివే పాఠాల్లో ఆక్సీకరణం, క్షయకరణం ముఖ్యమైనవి. ఎలక్ట్రాన్‌ పోతే ఆక్సీకరణం, వస్తే క్షయకరణం అని పిల్లలు కంఠస్థం చేస్తారు. ఆ ఇచ్చిపుచ్చుకోవడాన్నే కొలబద్దగా చేసుకుని జీవరసాయన శాస్త్రాన్ని మలుపు తిప్పిన ఇద్దరిలో ఒకరు తెలుగువాడు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. మెట్రిక్యులేషన్‌ పరీక్ష రెండుసార్లు తప్పిన విద్యార్థి.

సుబ్బారావు 1895 జనవరి 12న ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. రెవెన్యూ శాఖలో చిరుద్యోగి అయిన తండ్రి అనారోగ్యంతో పని మానుకోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది. చదువు మీద మనసు నిలవని కొడుకును బడి మాన్పించకుండా పట్టుబట్టి చదివించింది తల్లే. రెండుసార్లు తప్పిన పరీక్షను ఆయన మద్రాసులోని హిందూ హైస్కూలు నుంచి మూడోసారి రాసి గట్టెక్కారు. ఆ రోజుల్లో బళ్లారి కూడా మద్రాసు రాష్ట్రంలోదే. 1953 అక్టోబర్‌ 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో ఉండిపోయి, మిగిలిన జిల్లా మైసూరులో కలిసింది. అంటే సుబ్బారావు చదివిన కాలంలో మన తాతముత్తాతలూ ఆయనా ఒకే రాష్ట్రం వారు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్‌ ముగించి సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి డబ్బు సాయం చేశారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టి శస్త్రచికిత్స తరగతికి వెళ్లడం ఆంగ్లేయ ఆచార్యుడికి నచ్చలేదు. రాతపరీక్షలు బాగా రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్‌ కాదు, అంతకన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్‌. దాంతో ప్రభుత్వ వైద్యసేవలో ఎదిగే దారి మూసుకుపోయింది. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూ ఆయన మరో దారి వెతుక్కున్నారు.

ఆ దారికి వెనక ఇంటి దుఃఖం ఉంది. స్ప్రూ అనే జీర్ణవ్యాధి ఆయన ఇద్దరు సోదరులను బలి తీసుకుంది. అదే జబ్బు తననూ పట్టుకుంటే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు. ఇలాంటి రోగాలకు మందు కనిపెట్టాలన్న పట్టుదలతో 1920ల తొలినాళ్లలో భార్య శేషగిరిని ఇక్కడే వదిలి అమెరికాలోని బోస్టన్‌ చేరారు. మళ్లీ స్వదేశానికి రాలేదు, భార్యను చూడలేదు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదువుతూ, పొట్ట గడవడానికి ఒక ఆస్పత్రిలో రాత్రిళ్లు రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు.

తర్వాత హార్వర్డ్‌ వైద్య కళాశాలలో సైరస్‌ ఫిస్క్‌ దగ్గర జీవరసాయన శాస్త్ర పరిశోధనకు చేరారు. రక్తంలో, మూత్రంలో, కండరంలో భాస్వరం ఎంత ఉందో కచ్చితంగా కొలిచే సులువైన పద్ధతి అప్పటి అవసరం. ఇద్దరూ కలిసి 1925లో అలాంటి పద్ధతిని ప్రచురించారు. ఫాస్ఫేటు ఉన్న ద్రావణానికి ఆమ్లం, మాలిబ్డేటు కలిపితే ఫాస్ఫేటు, మాలిబ్డినం కలిసి ఒక సంయోగ పదార్థంగా ఏర్పడతాయి. అందులో ప్రతి మాలిబ్డినం పరమాణువు ఆరు ఎలక్ట్రాన్ల కొరతతో ఉంటుంది. ఇప్పుడు ఎలక్ట్రాన్లు ఇవ్వగల ఒక పదార్థాన్ని కొద్దిగా చేర్చారు. కొన్ని మాలిబ్డినం పరమాణువులు ఒక్కో ఎలక్ట్రాన్‌ అందుకుని, కొరత ఆరు నుంచి అయిదుకు తగ్గించుకున్నాయి. వెంటనే ద్రావణం నీలిరంగుకు తిరిగింది. ఆమ్లం పాళ్లు సరిగ్గా ఉంటే ఫాస్ఫేటుతో కలవని మాలిబ్డేటు ఆ ఎలక్ట్రాన్లను అంత తేలిగ్గా తీసుకోదు. అందుకే ఫాస్ఫేటు ఎంత ఉంటే నీలం అంత చిక్కగా వస్తుంది. మోతాదు తెలిసిన ద్రావణం పక్కన పెట్టి రంగు పోల్చితే లెక్క తేలిపోతుంది. ప్రపంచంలోని ప్రయోగశాలలు దశాబ్దాల పాటు ఫిస్క్‌-సుబ్బారావు పద్ధతినే నమ్ముకున్నాయి.

ఇది మన బడిలో చేసే ప్రయోగానికి చుట్టమే. మైలుతుత్తం ద్రావణంలో ఇనుప మేకు వేస్తే నీలం క్రమంగా పలచబడుతుంది, మేకు మీద రాగి పూత పడుతుంది. ఇనుము ఇచ్చిన రెండు ఎలక్ట్రాన్లను రాగి అయాను అందుకుంటుంది. అక్కడ ఎలక్ట్రాన్‌ అందితే నీలం పోయింది, సుబ్బారావు పరీక్షనాళికలో ఎలక్ట్రాన్‌ అందితే నీలం వచ్చింది. రంగు ఏదైనా లావాదేవీ ఒకటే. సండూరు కొండల ఎర్రరాయి తోరణగల్లు కొలిమిలో ఉక్కు కావడం కూడా ఇదే లావాదేవీ. ఎర్రరాయిలోని ఇనుము మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న అయాను. కొలిమిలో వాటిని తిరిగి పొందితే లోహమవుతుంది.

మళ్లీ హార్వర్డ్‌ ప్రయోగశాలకు వద్దాం. కండరం నుంచి తీసిన ద్రవంలో భాస్వరం కొలుస్తుంటే నీలిరంగు రావలసినంత త్వరగా రాలేదు. నెమ్మదిగా, ఆలస్యంగా చిక్కబడింది. మరొకరైతే పరీక్ష చెడిందని పారబోసేవారేమో. వీరిద్దరూ ఆ ఆలస్యానికి కారణం వెతికారు. కండరంలో ఫాస్ఫేటు మరో అణువుకు అతుక్కుని ఉంది, ఆమ్లంలో ఆ బంధం కొద్దికొద్దిగా తెగుతూ ఫాస్ఫేటును వదులుతోంది, అందుకే రంగు నిదానిస్తోంది అని తేల్చారు. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ బయటపడింది. ఇంగ్లండులో ఎగిల్టన్‌ దంపతులూ అదే కాలంలో విడిగా దీన్ని గుర్తించారు. కబడ్డీలో కూతకు వెళ్లిన పిల్లవాడు ఒక్క ఉదుటున దూకినప్పుడు మొదటి కొద్ది సెకన్ల శక్తిని నిలబెట్టేది ఇదే. 1929లో ఏటీపీని కూడా వారు వేరు చేశారు. జర్మనీలో కార్ల్‌ లోమన్‌ అదే ఏడు అదే ఫలితం సాధించారు. 1930లో సుబ్బారావుకు హార్వర్డ్‌ పీహెచ్‌డీ లభించింది.

ఏటీపీ ఎలా తయారవుతుందన్నది ఆయన మరణానంతరం తేలింది. మనం తిన్న అన్నం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు కణంలో చేతులు మారుతూ చివరకు మనం పీల్చిన ఆక్సిజన్‌ను చేరతాయి. ఆ ప్రయాణంలో విడుదలైన శక్తి హైడ్రోజన్‌ అయాన్లను ఒక పొరకు అవతలికి నెడుతుంది. అవి తిరిగి ఇవతలికి వచ్చేటప్పుడు ఏటీపీ తయారవుతుంది. 1961లో ఈ సిద్ధాంతం చెప్పిన పీటర్‌ మిచెల్‌కు 1978లో నోబెల్‌ వచ్చింది. అన్నం ముద్ద నుంచి ఉక్కు కొలిమి దాకా నడిచేది ఎలక్ట్రాన్ల లెక్కే.

1940లో సుబ్బారావు లెడర్లీ మందుల సంస్థలో చేరి పరిశోధనకు సారథ్యం వహించారు. ఆయన బృందం 1945లో ఫోలిక్‌ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసినట్టు ప్రకటించింది. సోదరులను తీసుకుపోయిన స్ప్రూలో వచ్చే రక్తహీనతకు ఆ మందు పనిచేసింది. బోదకాలుకు డైఇథైల్‌ కార్బమజైన్‌ కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది. మన దేశంలో బోదకాలు నివారణకు ప్రజలకు పంచే మాత్రల్లో అది నేటికీ ఉంది. ఫోలిక్‌ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం అందించగా, దానితో పిల్లల రక్త క్యాన్సర్‌ కొంతకాలం అణగిందని సిడ్నీ ఫార్బర్‌ 1948లో వెల్లడించారు. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ ఈనాటికీ వైద్యుల చేతిలో ఉంది.

అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. బతికుండగా స్వదేశంలో పెద్దగా పేరు రాలేదు. 1995లో శతజయంతికి భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది.

బడిలో వారానికోసారి పిల్లలకిచ్చే ఐరన్‌-ఫోలిక్‌ యాసిడ్‌ మాత్రను ఉపాధ్యాయులు ఈసారి పాఠంగా చూపించవచ్చు. అందులోని ఫోలిక్‌ ఆమ్లం వెనక సుబ్బారావు శ్రమ ఉంది. అందులోని ఇనుము రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న అయాను, సండూరు ఎర్రరాయిలోది మూడు పోగొట్టుకున్నది. తేడా ఒక్క ఎలక్ట్రానే. ఆ ఒక్కదానితోనే ఒంటికి ఇనుము తేలిగ్గా పడుతుంది. ఇంత సంగతి తెలుగులో చెబితే పిల్లలకు అర్థం కాకపోదు. ఎలక్ట్రాన్‌, అయాను అన్న మాటలు ఏ భాష పిల్లలకైనా కొత్తవే. వాటి వెనకున్న విషయం తెలిసిన మాటల్లో అందితే ఆ కొత్త మాటలూ వారివవుతాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఎస్సెస్సెల్సీలో ఒకసారి తప్పిన పిల్లవాడిని బడి మాన్పించి పనికి పంపే ముందు వెంకమ్మను తలచుకోండి. మూడోసారి పరీక్ష రాయించే ఓపిక ఆమెకు లేకపోతే ఆ నీలిరంగు లెక్క తేల్చేవారిలో తెలుగువాడు ఉండేవాడు కాదు. రంగు ఆలస్యంగా వచ్చిందని పరీక్షనాళికను పారబోయని ఓపికే ఆ తల్లి కొడుకును నిలబెట్టింది. మన పిల్లల పట్లా మనకు అదే కావాలి.