కీర్తిశేషులు సర్ కూర్మా వేంకటరెడ్డి నాయుడుగారు

పదవి యెంతకాలము నిలిచెనని కాక, పదవియందు మనుజుడెట్లు నిలిచెనని విచారించుట పెద్దల మతము. గోదావరీతీరవాసులగు సర్ కూర్మా వేంకటరెడ్డి నాయుడుగారి జీవితమిందులకు నిదర్శనము.

వీరు 1875 లో రాజమహేంద్రవరమున జన్మించి, న్యాయశాస్త్రము నభ్యసించి, ఏలూరున న్యాయవాదులుగా ప్రసిద్ధి గాంచిరి. జస్టిస్ పక్షమున జేరి, 1920 లో మద్రాసు రాజధాని తొలి మంత్రివర్గమున అభివృద్ధిశాఖామాత్యులైరి. 1929 మొదలు 1932 వఱకు, శ్రీనివాసశాస్త్రిగారి తరువాత, దక్షిణాఫ్రికాలో భారతప్రభుత్వ ఏజెంటుగా నుండిరి. ట్రాన్స్వాలునందలి భారతీయుల భూమిహక్కులకు శాసనముచే ముప్పు వాటిల్లిన కాలమది. ఏజెంటునకు ఆజ్ఞాపించు నధికారము లేదు; నచ్చజెప్పుటయే సాధనము.

1936 లో గవర్నరు సెలవుపై నుండగా, జూను 18 మొదలు మూడున్నర మాసములు వీరే తాత్కాలిక గవర్నరులైరి. 1937 ఎన్నికలలో శాసనసభ 215 స్థానములలో 159 కాంగ్రెసు గెలిచెను. అయినను, గవర్నరు తన ప్రత్యేకాధికారములను ప్రయోగింపనని హామీ యియ్యనిదే మంత్రివర్గము నేర్పఱుపమని ఆ పక్షమువారు పట్టుబట్టిరి. అంతట ఏప్రిలు 1 న నాయుడుగారు ప్రధానమంత్రి పదవి స్వీకరించిరి. సభలో బలము లేక పీఠమెక్కుట తగదని నిందించినవారు గలరు. ఆ నింద నిరాధారమనజాలము. కాని ప్రభుత్వము నడచుటకు భారము వహించి, జూలై 14 న రాజగోపాలాచార్యులవారికి చోటిచ్చి తొలగిరి.

పిమ్మట అణ్ణామలై విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలరుగా విద్యాసేవ చేసి, 1942 లో దివంగతులైరి.

పీఠమెక్కుట భాగ్యము, వేళ యెఱిగి దిగుట వివేకము. మన యువకులు రెండును నేర్తురు గాక!