రాజా దీనదయాళు

ఓరుగల్లు కోటలోని రాతి తోరణములును, హనుమకొండ వేయిస్తంభముల గుడియు నూటముప్పది యేండ్లకు పూర్వ మెట్లుండెనో తెలిసికొన గోరువారు ఆనాటి ఛాయాచిత్రముల నాశ్రయింపవలసి యుండును. అట్టి చిత్రములను తీసినవారిలో అగ్రగణ్యుడు రాజా లాలా దీనదయాళు. ఆయన తెలుగువాడు కాడు. అయినను ఆయన జీవితమున కీర్తివంతమైన భాగము హైదరాబాదు రాజ్యమునందే గడచెను. రంగులేని పటమునందు ప్రకృతిని ప్రకృతివలెనే నిలుపుట యెట్లో ఆయన కృషివలన తెలియగలదు.

దీనదయాళు 1844 వ సంవత్సరమున మీరటునకు సమీపముననున్న సర్ధనా గ్రామములో, నగల వర్తకము చేయు జైన కుటుంబమున జన్మించెను. ఆయన వంశవృత్తి నవలంబింపక, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చేరి విద్య నభ్యసించెను. 1866 లో ఇండోరునందలి పనుల శాఖలో అంచనాలు వేయుటకును, నక్షాలు గీయుటకును ప్రధానోద్యోగిగా నియమితుడయ్యెను. కొలత తప్పినచో గోడ నిలువదని నేర్పు ఉద్యోగ మది. ఆ శిక్షణము తరువాతి కాలమున ఆయన కళకు పునాది యయ్యెను.

1874 లో ఆయన ఛాయాచిత్రకళను చేపట్టెను. మొదట నది ఉద్యోగమునకు తోడుగా సాగిన అభ్యాసము మాత్రమే. ఇండోరు ప్రభువైన రెండవ తుకోజీరావు హోల్కరును, గవర్నరు జనరలు ప్రతినిధియైన సర్ హెన్రీ డేలీయు ఆయనను ప్రోత్సహించిరి. 1875-76 లో వేల్సు యువరాజు భారతదేశమునకు వచ్చినపుడు ఆ యాత్రను చిత్రించు అవకాశము ఆయనకు లభించెను. పిమ్మట సర్ లెపెల్ గ్రిఫిను వెంట మధ్యభారతమున సంచరించి, గ్వాలియరు, ఖజురహో, సాంచి మొదలగు చోట్ల ప్రాచీన కట్టడములను చిత్రించెను. ఆ చిత్రములతో 1886 లో ఒక మహాగ్రంథము వెలువడెను.

ఆ దినములలో ఛాయాచిత్రము తీయుట శ్రమతో గూడిన పని. గాజుపలకపై కొలోడియన్ అను జిగురుద్రవమును సమముగా పోసి, వెండిలవణపు నీటిలో ముంచి, తడి యారకముందే కెమెరాలో నుంచి వెలుగు చూపవలెను. వెంటనే చీకటి గుడారములోనికి కొనిపోయి మందునీటితో కడుగవలెను. మన వేసవియెండలో పలక కొద్ది నిమిషములలోనే ఆరిపోవును. దుమ్ము రేణువొకటి పడినను పని చెడును. కెమెరా, ముక్కాలిపీట, గాజుపలకలు, సీసాలు, నీళ్లు, గుడారము - ఇవన్నియు బండ్లమీదనో, మనుషుల తలలమీదనో సాగవలెను. సిద్ధముగా పూత పూసిన పొడిపలకలు వాడుకలోనికి వచ్చిన తరువాతనే ఈ భారము కొంత తగ్గెను.

శ్రమకంటె పెద్ద చిక్కు మరొకటి కలదు. ఆ పలకలకు రంగులయెడ పక్షపాతము మెండు. నీలపు వెలుగును అవి యిట్టే గ్రహించును. ఎరుపును, ఆకుపచ్చను అంతగా గ్రహింపవు. కావున నిర్మలమైన నీలాకాశము వట్టి తెల్లకాగితమగును. ఎర్రచెలక నల్లరేగడివలె కనబడును. కొత్తచిగురు తొడిగిన చింతచెట్టు మసిముద్దగా మారును. కన్ను చూచినదొకటి, గాజు వ్రాసికొనినది వేరొకటి. ఈ కొరతను కప్పిపుచ్చుటకై ఆనాటివారు పెక్కు ఉపాయములు పన్నిరి. కొందరు వేరొక పలకపై తీసిన మేఘములను తెచ్చి ఖాళీ ఆకాశమున అతికించెడివారు. కొందరు పటముపై కుంచెతో రంగులు పూయించెడివారు. చూచుట కవి సొంపుగనే యుండును గాని, ఆ మేఘము ఆనాడు ఆ గుడిపై నిలిచినది కాదు.

దీనదయాళు తీసిన కట్టడముల చిత్రములకు కీర్తి వచ్చినది అట్టి పూతలవలన కాదు. వాటిలో పెక్కింట ఆకాశము ఖాళీగనే యుండును. ఆ ఖాళీ యెదుట శిఖరపు అంచు స్పష్టముగా నిలుచును. రంగు చెప్పవలసిన మాటను వెలుగునీడలచే చెప్పించుటయే ఆ కళలోని మర్మము. నడినెత్తిన సూర్యుడున్నపుడు చెక్కడమునకు లోతు కనబడదు. ఏటవాలుగా వెలుగు పడినపుడే లతయు, హంసయు రాతినుండి పైకి లేచును. గాలి వీచినచో ఆకులు కదలి చిత్రమున పొగవలె అలముకొనును. గాలి యాగిన వేళయందే చెట్టు చెట్టుగా నిలుచును. నీడలోని వివరములు పలుకునట్లు కాంతిని ఎక్కువసేపు చూపినచో ఎండలోని రాయి తెల్లబారును. తక్కువసేపు చూపినచో నీడ బొగ్గగును. ఈ రెంటికి నడుమ ఇరుకైన త్రోవ యొక్కటియే యున్నది. ఆ త్రోవ ఆయనకు బాగుగా తెలియును.

కూర్పునందును ఆయన నేర్పు అట్టిదే. కెమెరా వెనుకటి గాజుతెరపై దృశ్యము తలక్రిందులుగా కనబడును. అందు స్తంభము నిలువుగా నున్నదో, నేల సమముగా నున్నదో కనిపెట్టుటకు నక్షాలు గీసిన కన్ను మిక్కిలి తోడ్పడెను. గ్రామపు నక్షా గీయువాడు చెరువున్నచోట చెరువునే చూపవలెను గదా! అందము కొరకు దానిని జరుపుటకు వీలులేదు. వీలున్నది తాను నిలుచు చోటును మార్చుకొనుటకే. దీనదయాళు ఆ స్వేచ్ఛను పూర్తిగా వాడుకొనెను. కొన్ని చిత్రములందు గుడిచెంత ఒక మనిషిని నిలిపి, రాతి యెత్తును చూపరుల కెరిగించెను.

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా స్వీకరించెను. 1885 లో రాజప్రతినిధి డఫరిను ప్రభువునకును ఆయన ఛాయాచిత్రకారుడయ్యెను. మరుసటి యేట సికిందరాబాదున ఆయన చిత్రశాల వెలసెను. కొలదికాలమునకే ఆయన సర్కారు కొలువును విడిచి, ఈ వృత్తియందే నిలిచెను. పరదా పాటించు స్త్రీలకై 1892 లో హైదరాబాదున ప్రత్యేక చిత్రశాలను నెలకొల్పి, ఒక స్త్రీ పర్యవేక్షణలో నడిపించెను. నిజాము ఆయనకు రాజా బిరుదమును, ముసవ్విర్ జంగ్ అను పేరును ప్రసాదించెను. 1897 లో విక్టోరియా రాణి నియామకపత్రము లభించెను.

1886 లో సికిందరాబాదునుండి రైలుదారి వరంగల్లువరకు వచ్చెను. 1889 నాటికి బెజవాడను చేరెను. పగిలిపోవు గాజుసామగ్రికి బండిబాటకంటె ఇనుపబాట మేలు. నిజాము రాజ్యపు దృశ్యములను చిత్రించుచు దీనదయాళు కాకతీయుల కట్టడములనుకూడ పలకలకెక్కించెను. రుద్రదేవుడు 1163 లో కట్టించిన వేయిస్తంభముల గుడి స్తంభములు నునుపుదేరిన నల్లరాతివి. అట్టి రాతికి రంగు స్వల్పము, మెరుపు అధికము. వెలుగునీడల చిత్రమునకు అంతకంటె తగిన వస్తువు అరుదు. శాసనమునందు రాజు పేరు నిలిచినట్లు, ఈ పలకలయందు ఆ కాలపు శిథిలస్థితి నిలిచెను.

1902 వేసవిలో కర్జను ప్రభువు నిజాము అతిథిగా వరంగల్లు జిల్లాలోని నెక్కొండయొద్ద వేటకు విడిసెను. ఆ శిబిరమును చిత్రించిన భాగ్యము దీనదయాళు సంస్థదే. చచ్చిన పులిచెంత ప్రభుదంపతులు నిలిచిన చిత్రము లోకప్రసిద్ధము. అది తీయించినవారు కోరినది తమ పరాక్రమ చిహ్నమును. కాని గాజుపలక కొలువు చేయదు. పులి చారలను, ప్రభువు దుస్తులను అది ఒకే తీరున వ్రాసికొనెను. ఆనాటి గర్వము నేటివారికి ఆనందము కలిగింపదు. ఈ జిల్లా అడవిలో పులి తిరిగెనను సాక్ష్యము మాత్రము మనసును కలచును. పాకాల అడవిని వన్యమృగ సంరక్షణకై కేటాయించుటకు 1952 దాక ఆగవలసివచ్చెను.

దీనదయాళు చివరి దినములు దుఃఖమయములు. 1904 లో కుమారుడు ధరంచందు మరణించెను. 1905 జూలైలో దీనదయాళు పరమపదించెను. 1911 లో మహబూబ్ అలీఖాను గతించెను. ఆశ్రయము తరిగినకొలది సంస్థ వైభవమును తరిగెను. గాజు నిలుచుట కష్టము. తేమ, బూజు, చేయిజారుట - అన్నియు దానికి శత్రువులే. అయినను 1989 లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 2,857 గాజు నెగెటివులను సేకరించి భద్రపరచెను. 2006 లో భారత తపాలాశాఖ ఆయన పేర ఒక బిళ్లను వెలువరించెను.

నేడు ప్రతి యింట ఫోను కెమెరాయే యున్నది. అది క్షణములో ఆకును మరింత పచ్చగను, ఆకాశమును మరింత నీలముగను మార్చి చూపును. దీనదయాళునకు రంగే లేదు. ఈ తరమువారికి రంగు మితిమీరి యున్నది. కొరతయైనను, మితిమీరుటయైనను చికిత్స యొక్కటియే. చిత్రము తీయుటకు ముందు చెరువుగట్టుపై కొంతసేపు నిలిచి, నీరు నిజముగా నే వన్నెలో నున్నదో, ఎండ యే వైపునుండి పడుచున్నదో చూడవలెను. తీసిన పిమ్మట పటమును చెరువుతో సరిచూడవలెను. ఈ గ్రంథాలయమునకు వచ్చు యువకులు తమ ఊరి గుడిని, గట్టును, మఱ్ఱిచెట్టును అట్లు చిత్రించి దాచిరేని, నూరేండ్ల తరువాతివారు ఈ యూరు నిజముగా నెట్లుండెనో తెలిసికొందురు.