ఆచార్య హాల్డేనుగారు

ఆంగ్లదేశమునందలి ఆక్సుఫర్డు నగరమున 1892వ సంవత్సరము నవంబరు 5వ తేదీని జె. బి. ఎస్. హాల్డేనుగారు జన్మించిరి. వారి తండ్రి గనులలోని విషవాయువులను గూర్చి తన దేహముమీదనే పరీక్షలు జరుపుకొనెడివారు. బాల్యముననే కుమారుడు ఆ పనిలో తోడ్పడెను.

పిమ్మట వారు లండను యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యులై, వంశపారంపర్యముగా వచ్చు లక్షణములను గణితముచే విచారించిరి. మధ్యధరా సముద్రతీరవాసులలో తలసీమియా యను రక్తవ్యాధి మెండు. ఇంతటి హానికరమైన జన్యువు ఏల నశింపలేదు? తలిదండ్రులలో ఒక్కరినుండియే దానిని పొందినవారిని అది మలేరియానుండి కాపాడుచుండవచ్చునని 1949లో వారు తలంచిరి. ఇరువురినుండియు పొందినవారికే వ్యాధి కలుగును. ఒకే జన్యువు ఒకరికి కవచము, వేరొకరికి భారము! 1954లో ఆలిసన్ అను వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో కొడవలి కణముల జన్యువు విషయమున ఇట్టి రక్షణ కలదని చూపెను.

1957లో హాల్డేనుగారు కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థకు వచ్చి, అనంతరము భారతపౌరులైరి. 1964వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీని భువనేశ్వరమున మరణించిరి. వారి కోరికననుసరించి దేహము మన కాకినాడ రంగరాయ వైద్యకళాశాల కొసగబడెను.

వారు జీవించియున్నవారి రక్తమునుబట్టి ఊహించిన మార్గమున నేటి శాస్త్రజ్ఞులు పురాతనపు టెముకలను గూడ పరిశీలించుచున్నారు. 2010లో స్వాంతే పాబోగారును వారి సహచరులును నియాండర్తాలు మానవుల జన్యులిపిని చదివిరి. కోవిడు వ్యాధిని తీవ్రము చేయు జన్యుభాగ మొకటి ఆ ప్రాచీనులనుండియే సంక్రమించెనని 2020లో తేలెను. దక్షిణాసియా వాసులలో సుమారు సగముమంది దానిని కలిగియున్నారు. ఆ వ్యాధి తీవ్రతను తగ్గించు వేరొక భాగమును వారినుండి వచ్చినదేయని 2021లో వెల్లడియయ్యెను.

ఇది మన విశాఖపట్టణమునకు దూరపు సంగతి కాదు. మలేరియా చిరకాలము పీడించిన మన మన్యమునందలి గిరిజనులలో కొడవలి కణముల జన్యువు కలదు. వారి పూర్వులను కాచినదే నేడు కొందరు బిడ్డలకు తీవ్రమైన నొప్పులను, రక్తహీనతను కలిగించుచున్నది. ఈ వ్యాధిని నిర్మూలించుటకై భారతప్రభుత్వము 2023లో ఒక కార్యక్రమము నారంభించెను. వివాహమునకు ముందు వధూవరులు రక్తపరీక్ష చేయించుకొనినచో పుట్టబోవు బిడ్డలకు రాగల యపాయము ముందే తెలియును.

విద్యార్థులారా! ఆ జన్యువు కలవారిని తక్కువగా చూడరాదు. అది దోషము గాదు. పూర్వులు జ్వరముతో పోరాడి బ్రతికిన గుర్తు. హాల్డేనుగారి జీవితమునుండి మీరు ఈ వివేకమును గ్రహింతురుగాక యని మేము కోరుచున్నాము.