జలవేగ సాధకుడు డోనాల్డ్ క్యాంబెల్

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలను ఒరుసుకొని పారే కృష్ణానదిలో తరతరాలుగా పుట్టి నడుస్తున్నది. వెదురుబద్దలతో అల్లిన ఈ గుండ్రని పడవ ఎక్కేవారు మొట్టమొదట నేర్చుకొనే పాఠం ఒక్కటే. బరువు నడుమ నిలవాలి. అందరూ ఒకే వైపుకు ఒరిగితే పుట్టి నీరు త్రాగుతుంది. మెల్లగా సాగే పుట్టికి వర్తించే ఈ నియమమే, గంటకు నాలుగు వందల కిలోమీటర్లకు మించిన వేగంతో దూసుకుపోయే పందెపు పడవకు కూడా వర్తిస్తుంది. ఆ నియమాన్ని ఆధారంగా చేసుకొని ఏడుసార్లు ప్రపంచ జలవేగ రికార్డును సాధించి, చివరకు ఆ నియమపు అంచునే ప్రాణాలర్పించిన సాహసి డోనాల్డ్ క్యాంబెల్.

డోనాల్డ్ 1921 మార్చి 23న ఇంగ్లండులో జన్మించారు. ఆయన తండ్రి సర్ మాల్కమ్ క్యాంబెల్ జగత్ప్రసిద్ధుడైన వేగవీరుడు. 1935లో నేలమీద గంటకు మూడువందల మైళ్ళ వేగాన్ని దాటిన తొలి మానవుడు ఆయనే. ఒక నాటకం పేరును అనుసరించి మాల్కమ్ తన వాహనాలన్నింటికీ 'బ్లూబర్డ్' అని నామకరణం చేశారు. 1939లో కోనిస్టన్ సరస్సుపై గంటకు 228 కిలోమీటర్ల వేగంతో పడవ నడిపి జలవేగ రికార్డును నెలకొల్పారు. ఇంతటి తండ్రి నీడలో పెరిగిన డోనాల్డ్‌కు చిన్ననాటి జబ్బు కారణంగా రెండవ ప్రపంచయుద్ధ కాలంలో వైమానిక దళంలో ప్రవేశం లభించలేదు. యంత్రాల పనిలోనే ఆయన స్థిరపడ్డారు.

1948 డిసెంబరు 31న మాల్కమ్ మరణించారు. ఆయన రికార్డును అధిగమించడానికి అమెరికన్లు సిద్ధమవుతున్నారనే వార్త డోనాల్డ్‌ను కదిలించింది. తండ్రి కీర్తిని నిలపాలనే తపనతో ఆయన పాత బ్లూబర్డ్ పడవను బయటకు తీశారు. తండ్రికి దీర్ఘకాలం సేవ చేసిన మెకానిక్ లియో విల్లా ఆయనకు కుడిభుజంగా నిలిచారు. కాని 1950లో అమెరికన్ పడవ ఆ రికార్డును చాలా దూరం దాటిపోయింది. మరుసటి సంవత్సరం కోనిస్టన్‌పై జరిగిన ప్రమాదంలో పాత బ్లూబర్డ్ నీట మునిగింది. 1952లో జాన్ కాబ్ అనే మరొక బ్రిటిష్ సాహసి జెట్ పడవతో గంటకు రెండువందల మైళ్ళ వేగాన్ని దాటే ప్రయత్నంలో స్కాట్లండులోని లాక్ నెస్ సరస్సుపై మరణించారు. వేగాన్ని పెంచడానికి శక్తిమంతమైన ఇంజిన్ ఉంటే చాలదని, ఆ శక్తిని భరించగల సమతౌల్యం పడవకు ఉండాలని ఈ సంఘటనలు హెచ్చరించాయి.

చెరువు నీటిపైకి చిల్లపెంకును ఏటవాలుగా విసిరితే అది మునగకుండా గంతులు వేస్తూ పోతుంది. హైడ్రోప్లేన్ అనే పందెపు పడవ సూత్రం కూడా ఇటువంటిదే. వేగం పెరిగేకొద్దీ నీరు పడవ అడుగును పైకి నెట్టుతుంది. అప్పుడు పడవ నీటిని చీల్చడం మాని, నీటి ఉపరితలంపై జారడం మొదలుపెడుతుంది. క్యాంబెల్ కోసం నారిస్ సోదరులు రూపొందించిన క్రొత్త బ్లూబర్డ్, మూడు బిందువులపై నిలిచే హైడ్రోప్లేన్. ముందుభాగంలో ఇరుప్రక్కలా చేతులవలె చాచిన రెండు తేలుళ్ళు, వెనుక అడుగుభాగంలో ఒక చదును, ఈ మూడుమాత్రమే అధికవేగంలో నీటిని తాకుతాయి. మిగిలిన శరీరమంతా గాలిలో ఉంటుంది.

ఇటువంటి పడవలో బరువు ఎంత ఉన్నదనే ప్రశ్నకంటె ఎక్కడ ఉన్నదనే ప్రశ్న ముఖ్యమైనది. కావడి మోసేవాడు రెండు కుండల బరువులను చూసి, కర్రను ముందుకో వెనుకకో జరిపి భుజంపై నిలుపుకొంటాడు. పడవను నిర్మించే ఇంజనీరు చేసే పని కూడా అదే. ఇంజిన్, ఇంధనపు తొట్టి, నడిపేవాడు, వీటిలో ఒక్కొక్కదాని బరువును అది ఉన్న దూరంతో హెచ్చించి, మొత్తం బరువుకు కేంద్రం ఎక్కడ పడుతుందో లెక్కిస్తాడు. ఆ గరిమకేంద్రం మరీ ముందుకు జరిగితే ముక్కు నీటిలో కూరుకుపోయి పడవ పైకి లేవదు. మలుపులో ముక్కు పట్టుకొని గిర్రున తిరిగిపోతుంది. మరీ వెనుకకు జరిగితే ముక్కు తేలికై ఎగిరెగిరి పడుతుంది. ఎదురుగాలి అడుగున దూరి పడవను వెల్లకిలా తిప్పివేస్తుంది. చెక్కపలకలతో చేసే చిన్న పందెపు హైడ్రోప్లేన్లలో నడిపేవాడి శరీరమే మొత్తం బరువులో పెద్ద భాగం. అందువల్ల అతడు మోకాళ్ళపై కూర్చొని, పడవ లేచే సమయంలో ముందుకు వంగుతూ, పరుగు కుదిరిన తరువాత వెనుకకు జరుగుతూ తన దేహాన్నే తూకపురాయిగా వాడుకొంటాడు. క్యాంబెల్ పడవలో అటువంటి అవకాశం లేదు. అక్కడ సమతూకాన్ని ముందుగానే లెక్కలతో సాధించాలి.

బ్లూబర్డ్ నమూనాలను నీటితొట్లలోను, గాలిసొరంగాలలోను పరీక్షించి ఆ లెక్కలను సరిచూశారు. అయినప్పటికీ 1955 ఆరంభంలో జరిగిన పరీక్షలలో పడవ తేలికగా పైకి లేవలేదు. ఎగసిన నీటితుంపరలు ఇంజిన్ గాలిద్వారంలోకి చొరబడ్డాయి. నిర్మాణంలో మార్పులు చేసి మళ్ళీ మళ్ళీ పరీక్షించారు. ఆ శ్రమ ఫలించి 1955 జూలై 23న అల్స్‌వాటర్ సరస్సుపై గంటకు 202.32 మైళ్ళ, అనగా సుమారు 325 కిలోమీటర్ల సగటు వేగంతో క్యాంబెల్ ప్రపంచ రికార్డును సాధించారు. ఈ రికార్డుకు ఒక కఠిన నియమం ఉన్నది. గంటలోపు ఎదురెదురు దిశలలో రెండు పరుగులు పూర్తిచేయాలి. ఆ రెండింటి సగటునే లెక్కలోకి తీసుకొంటారు.

అదే సంవత్సరం ఆయన అమెరికాలో హూవర్ ఆనకట్ట వెనుక ఏర్పడిన మీడ్ జలాశయానికి వెళ్ళారు. అక్కడ ప్రేక్షకుల పడవలు రేపిన అలలు లోపలికి దూకడంతో బ్లూబర్డ్ మునిగిపోయింది. దానిని పైకి తీసి, బాగుచేసి, నవంబరు 16న క్రొత్త రికార్డు నెలకొల్పారు. ఆ తరువాత నెలలోనే, 1955 డిసెంబరు 10న, నల్గొండ జిల్లాలో కృష్ణానదిపై నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. సాగర్ ఆనకట్ట రాయిమీద రాయిగా లేస్తున్న సంవత్సరాలలోనే క్యాంబెల్ వేగం మెట్టుమీద మెట్టుగా పెరిగింది. 1956 నుండి 1959 వరకు కోనిస్టన్ సరస్సుపై ఆయన తన రికార్డును తానే నాలుగుసార్లు సవరించి, గంటకు 419 కిలోమీటర్లకు చేర్చారు.

1960లో అమెరికాలోని ఉప్పునేలపై మోటారు వాహనాన్ని నడుపుతూ ఆయన ఘోరప్రమాదానికి గురయ్యారు. కపాలానికి గాయమైనా వెనుదీయలేదు. 1964 జూలై 17న ఆస్ట్రేలియాలోని ఐర్ సరస్సు ఎండుభూమిపై గంటకు 648 కిలోమీటర్ల వేగంతో భూవేగ రికార్డును, అదే సంవత్సరం చివరి రోజున డంబుల్‌యంగ్ సరస్సుపై గంటకు 444 కిలోమీటర్ల వేగంతో జలవేగ రికార్డును సాధించారు. ఒకే సంవత్సరంలో ఈ రెండింటినీ సాధించినవారు ఆయన తప్ప మరొకరు లేరు.

ఇక నీటిపై మూడువందల మైళ్ళ వేగం మిగిలింది. అందుకోసం 1966లో పాత ఇంజిన్‌ను తొలగించి ఆర్ఫియస్ ఇంజిన్‌ను అమర్చారు. ఇది నాట్ అనే చిన్న యుద్ధవిమానపు ఇంజిన్. బెంగుళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ తయారుచేసి, 1965, 1971 యుద్ధాలలో భారత వైమానిక దళం ఉపయోగించిన విమానం కూడా ఆ నాట్ విమానమే. క్రొత్త ఇంజిన్ శక్తిలో అధికం, బరువులో తక్కువ. కాని ఆ తేలికదనమే చిక్కు తెచ్చింది. వెనుకభాగంలో బరువు తగ్గగా సమతూకం ముందుకు జరిగి, పడవ ముక్కు నీటినుండి లేవడానికి మొరాయించింది. వెనుకవైపు అదనపు బరువును చేర్చి ఆ లోపాన్ని సవరించవలసి వచ్చింది. పాత లెక్క క్రొత్త ఇంజిన్‌కు చెల్లదని నిర్మాతలు గ్రహించారు.

1967 జనవరి 4 ఉదయం కోనిస్టన్ సరస్సు ప్రశాంతంగా ఉన్నది. మొదటి పరుగులో బ్లూబర్డ్ గంటకు 297 మైళ్ళకు పైగా వేగాన్ని అందుకొన్నది. సాధారణంగా ఇంధనం నింపుకొని, పడవ లేపిన అలలు అణగేవరకు వేచి ఉండి, ఆ తరువాత తిరుగు పరుగు మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆనాడు క్యాంబెల్ ఆగలేదు. వెంటనే పడవను వెనుకకు మళ్ళించారు. వేగం మూడువందల ఇరవై మైళ్ళను దాటింది. పడవ నీటిపై ఎగిరెగిరి పడింది. అంతటి వేగంలో ముక్కు కొన్ని డిగ్రీలు లేచినా చాలు, దానిక్రింద దూరిన గాలి రెక్కక్రింది గాలివలె పనిచేస్తుంది. బ్లూబర్డ్ ముక్కు ఆ హద్దును దాటింది. పడవ నీటిని విడిచి, గాలిలో పల్టీకొట్టి, సరస్సులో పడి ముక్కలైంది. క్యాంబెల్ వయస్సు అప్పటికి నలభై అయిదు సంవత్సరాలు. కలత నీరు, ఖర్చయిన ఇంధనంతో తేలికైన పడవ, తగ్గిన ఇంజిన్ త్రోపుడు, ఇటువంటి పలు అంశాలు ప్రమాదానికి తోడ్పడి ఉంటాయని తరువాతి ఇంజనీర్లు విశ్లేషించారు. ఆ ఏడాది ఆగస్టు 4న సాగర్ కాలువలలోకి నీరు విడుదలైంది.

క్యాంబెల్ భౌతికకాయం ముప్పైనాలుగు సంవత్సరాలు సరస్సు అడుగుననే ఉండిపోయింది. 2001లో పడవ శిథిలాలను, ఆ తరువాత ఆయన అవశేషాలను వెలికితీశారు. సెప్టెంబరు 12న కోనిస్టన్ గ్రామంలో అంత్యక్రియలు జరిగాయి. పునర్నిర్మితమైన బ్లూబర్డ్ 2018లో స్కాట్లండులోని ఒక సరస్సుపై మళ్ళీ పరుగెత్తింది. 2024లో కోనిస్టన్‌లోని మ్యూజియానికి చేరింది.

క్యాంబెల్ అందుకోలేకపోయిన లక్ష్యాన్ని 1978లో కెన్ వార్బీ అనే ఆస్ట్రేలియన్ చేరుకొన్నారు. తన ఇంటి పెరటిలో స్వయంగా నిర్మించుకొన్న పడవతో, బ్లోరింగ్ ఆనకట్ట జలాశయంపై ఆయన గంటకు 511 కిలోమీటర్ల సగటు వేగాన్ని సాధించారు. వేగపు హద్దును జరపడానికి గుండె నిబ్బరం కావాలి. ఆ హద్దులో ప్రాణం నిలుపుకోవడానికి బరువును ఎక్కడ ఉంచాలో తెలియాలి, నీరు నిమ్మళించేవరకు ఆగే ఓర్పు ఉండాలి. క్యాంబెల్ జీవితం మొదటిదానికి ఆదర్శం. ఆయన మరణం రెండవదానికి పాఠం.