కష్టకాలంలో నోటికొచ్చే పాట: భక్తకవి పురుషోత్తమ చౌదరి గారి జీవితం



ఈ వారం మన వీడియో పురుషోత్తమ చౌదరి గారి గురించి. టైం సరిపోక అందులో చెప్పలేకపోయిన సంగతులు ఇక్కడ రాస్తున్నాం. కష్టాల్లో పాడుకోవడానికి మేమే ఒక చిన్న పాట రాసుకోవాలంటే ఎలా అని అడిగేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. పలాస, టెక్కలి, ఉద్దానం వాళ్లు దానికి జవాబు ఎక్కడో దూరాన వెతకక్కర్లేదు. టెక్కలి నుంచి కాస్త పైకెళ్తే వచ్చే పర్లాకిమిడి ప్రాంతంలో, రెండు వందల ఏళ్ల కిందట పుట్టిన ఈ మనిషి జీవితమే ఆ జవాబు.

పండితుల ఇంట్లో పుట్టాడు

1803లో పర్లాకిమిడి ప్రాంతంలోని మదనపురంలో ఒక బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో ఆయన పుట్టారు. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్రాదేవి. ఇంట్లో బెంగాలీ, చుట్టూ ఒరియా, తెలుగు, చదువులో సంస్కృతం. తెలుగు ఆయనకు ఇంటి భాష కాదు, నేర్చుకున్న భాష. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఆ రోజుల్లో మన శ్రీకాకుళం ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. ఆయన ముప్ఫయ్యో పడికి వచ్చేనాటికి పర్లాకిమిడి సంస్థానంలో తిరుగుబాట్లు, వాటిని అణచడానికి వచ్చిన కుంపిణీ సైన్యాలు. ఊళ్లు ప్రశాంతంగా లేవు. ఆయన మనసూ ప్రశాంతంగా లేదు. ముక్తి ఎలా దొరుకుతుందన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు.

వదులుకున్నది చిన్నది కాదు

శ్రీకాకుళంలో హెలెన్ నాట్ అనే దొరసాని ద్వారా ఆయనకు క్రీస్తు సంగతులు ఇంకా బాగా తెలిశాయి. 1833లో కటకం వెళ్లి అక్కడి బాప్టిస్టు మిషనరీల దగ్గర బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ మాట చదవడానికి ఒక్క వాక్యమే గానీ, ఆ రోజుల్లో దీని వెల ఎంతో ఆలోచించండి. బంధువులు దూరమవుతారు. పుట్టిన ఇంట్లో పంక్తిలో కూర్చోనివ్వరు. ఆస్తి మీద హక్కు కూడా పోవచ్చు. మతం మారినవాళ్ల వారసత్వపు హక్కు పోకూడదని చట్టం వచ్చింది 1850లో. అంటే ఆయన అడుగు వేసిన పదిహేడేళ్లకు. ఆ అడుగు వేసిన రోజున వెనక ఏ అండా లేదు. భార్య రాధామణి గారు తర్వాత ఆయన దారిలోకే వచ్చారు.

నడిచి నడిచి చెప్పాడు

ఆ తర్వాత బరంపురం, శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో చాలా ఏళ్లు సేవ చేశారు. ఈరోజు పలాసలో రైలెక్కితే గంటల్లో విశాఖలో దిగుతున్నాం. నౌపడ నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చింది 1900లో. చౌదరి గారు వాటిలో ఏదీ ఎక్కలేదు. కాలినడక, లేదంటే ఎడ్లబండి.

వెళ్లిన ఊళ్లో చదవగలిగినవాళ్లు ఎంతమంది? వేళ్ల మీద లెక్కపెట్టాలి. పూర్తి తెలుగు బైబిలు అచ్చయింది 1854లో. కాబట్టి చేతిలో పుస్తకం పెట్టి చదువుకోమంటే కుదరదు. మనిషి వెళ్లిపోయాక కూడా ఊళ్లో మిగిలి ఉండేది ఏదో కావాలి. అది పాట.

పాట ఎలా కట్టాడు

మిషనరీల చేతుల్లో అప్పటికే ఇంగ్లీషు కీర్తనలు ఉన్నాయి. ఇంగ్లీషు రాగంలో తెలుగు మాటలు కూర్చితే ఏమవుతుంది? దీర్ఘం ఉన్నచోట రాగం కురచ, పొట్టి అక్షరం దగ్గర రాగం సాగదీత. పాడేవాడి నోరు తిరగదు.

చౌదరి గారు ఆ దారి పట్టలేదు. ఊళ్లో భజనకు కూర్చునేవాళ్లకు అప్పటికే తెలిసిన పద్ధతినే తీసుకున్నారు. పల్లవి, అనుపల్లవి, చరణాలు, రాగం, తాళం. ఇప్పటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం పేరు, తాళం పేరు కనబడతాయి కదా, ఆ సంప్రదాయానికి పెద్దదిక్కు ఆయనే. అందుకే ఆయన్ని తెలుగు క్రైస్తవ పదకవితా పితామహుడు అంటారు. సుమారు 130 కీర్తనలు రాశారని లెక్క.

ఆయన పాటలన్నీ పసిపిల్లల మాటల్లో ఉంటాయని చెప్పడం లేదు. చరణాల్లో సంస్కృతం బాగానే ఉంటుంది. కానీ పల్లవి చూడండి. పొట్టిగా, ఒక్క ఊపిరిలో అయిపోతుంది. ప్రభువు పాదాలు పట్టుకొని వదలని భక్తుడి పాట ఒకటుంది, మన సంఘాల్లో పెద్దలందరికీ కంఠతా వచ్చు. అందులో ఒకే మాట వెంటవెంటనే రెండుసార్లు వస్తుంది. ఎందుకంటే మొదటిసారి విన్నవాడు రెండోసారి కలుస్తాడు. పుస్తకం లేని మనిషికి అదే పుస్తకం.

ఇంకో సంగతి. ఆ పాటలో నాకేం కష్టం లేదని బింకం పోవడం లేదు. నాకు వేరే దిక్కు లేదని, లోకసుఖాల వెంట పడి తప్పు చేశానని ఒప్పుకుంటూనే పట్టు వదలనంటాడు. ఓర్పు అంటే ఏడుపు దాచుకోవడం కాదు, ఏడుస్తూ కూడా పట్టు విడవకపోవడం. మహాపండితుడు, నేర్చుకున్న భాషలో, చదువురాని మనిషి నోటికి సరిపోయేలా ఈ మాట చెప్పాడు. అదే ఆయన గొప్ప.

కరువు చూసిన తరం

ఆయనకు అరవై దాటాక 1866 కరువు వచ్చింది. ముందు ఏడు వానలు లేవు. ఒడిశాలో సుమారు పది లక్షల మంది చనిపోయారు, మన గంజాం జిల్లా కూడా దాని దెబ్బ తిన్నది. ఆయన పాటలు మొదట పాడిన తరం ఆకలి చూసిన తరం. వాళ్లు సుఖంగా కూర్చుని పాడలేదు.

1890లో, ఎనభై ఆరేళ్ల వయసులో ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు.

మన ఉద్దానం మాట

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. తాతలు నాటిన కొబ్బరి, జీడి, పనస ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. దీనికి తోడు కిడ్నీ జబ్బు. కారణం ఇదీ అని ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీద గడిపేవాళ్లు మన సంఘాల్లోనే ఉన్నారు.

పాట మందు కాదు. డాక్టరు చెప్పిన తేదీకి డయాలసిస్‌కి వెళ్లాల్సిందే, మందులు వేసుకోవాల్సిందే. కానీ ఆ నాలుగు గంటలు మనసు ఎక్కడ ఉండాలి? అక్కడ పాట పనికొస్తుంది.

మీరూ రాసుకోండి

చౌదరి గారి పద్ధతిలోనే చెప్తాం.

1. ఒక పాటకు ఒకే మాట. చెప్పాలనుకున్నవన్నీ కుక్కవద్దు.
2. పల్లవి ఒక్క ఊపిరిలో అయిపోవాలి. నీరసంగా ఉన్న మనిషి కూడా అనగలగాలి.
3. రాగం మీకు అప్పటికే వచ్చిందై ఉండాలి. ఊడుపు పాట రాగమైనా, జోల పాట రాగమైనా పర్వాలేదు.
4. మీ కష్టాన్ని దాని పేరుతోనే పిలవండి. పడిపోయిన కొబ్బరిచెట్టు అయితే కొబ్బరిచెట్టు అనే రాయండి.
5. రాశాక చదువురాని ఒక పెద్దామెకు రెండుసార్లు వినిపించండి. మూడోసారి ఆమె ఎక్కడ తడబడితే ఆ మాట మార్చండి. తప్పు ఆమెది కాదు, మాటది.

ఈ వారం ఇంట్లో అందరూ కలిసి ఒక్క పల్లవి కట్టండి. జీడిపిక్కలు ఒలిచేటప్పుడో, వల బాగుచేసుకునేటప్పుడో, ఆసుపత్రి వరండాలో వంతు కోసం కూర్చున్నప్పుడో మెల్లగా పాడుకోండి. పక్కవాళ్లు కలిస్తే మీ పాట నిలిచినట్టే.

వీడియో చూడనివాళ్లు చూడండి, మంచం మీద ఉన్న మీవాళ్లకు వినిపించండి. ప్రభువు మీ ఇళ్లను దీవించును గాక.